యూఎస్‌బీ పెట్టగానే అది ఏంటో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? కెర్నల్ అడిగే ప్రశ్నలు, డివైజ్ చెప్పే జవాబులు

ముందు ఒక చిన్న ప్రయోగం. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో విండోస్ ల్యాప్‌టాప్‌కి కలపండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డివైజ్ మేనేజర్ తెరిచి పెట్టుకోండి. ఫోన్‌లో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకుంటే 'పోర్టబుల్ డివైజెస్' అనే వరుస కింద మీ ఫోన్ పేరు కనిపిస్తుంది. ఇప్పుడు కేబుల్‌ని అస్సలు ముట్టుకోకుండా, ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి.

ల్యాప్‌టాప్ రెండుసార్లు మోగుతుంది. మొదటిది ఏదైనా పీకేసినప్పుడు వచ్చే శబ్దం, రెండోది ఏదైనా పెట్టినప్పుడు వచ్చే శబ్దం. డివైజ్ మేనేజర్‌లో చూస్తే పోర్టబుల్ డివైజెస్ కింద ఫోన్ మాయం. 'నెట్‌వర్క్ అడాప్టర్స్' కింద మాత్రం కొత్తగా ఒకటి వచ్చి కూర్చుంది.

కేబుల్ కదల్లేదు. ఫోన్ అదే. మరి ఊడింది ఏంటి, వచ్చింది ఏంటి?

కెర్నల్ లెక్కలో నిజంగానే ఒక డివైజ్ వెళ్లిపోయి, ఇంకొకటి వచ్చింది. ఎందుకంటే కెర్నల్‌కి కళ్లు లేవు. అవతల ఉన్నది ఫోనా, పెన్‌డ్రైవా, కీబోర్డా అని అది చూసి చెప్పలేదు. అవతలి వస్తువు తన గురించి తాను ఏం చెప్పుకుంటుందో అదే దానికి తెలిసిన సత్యం. ఫోన్ ఒకసారి లైన్ వదిలేసి, మళ్లీ వచ్చి 'నేను నెట్‌వర్క్ కార్డుని' అంది. కెర్నల్ 'సరే' అంది. అంతే జరిగింది.

ఈ 'సరే' వల్లే ప్లగ్ అండ్ ప్లే ఇంత సుఖంగా ఉంది. అసలు ప్రమాదం కూడా ఇదే 'సరే'లో ఉంది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

జంపర్ల కాలం

1990ల మొదట్లో పీసీలో సౌండ్ కార్డు బిగించడం అంటే ఒక పూట పని. కార్డు మీద జంపర్లు అని చిన్న పిన్నులు ఉండేవి. వాటిని చేత్తో మార్చి ఐఆర్‌క్యూ నంబర్ 5 అనో 7 అనో సెట్ చేయాలి. ఐఆర్‌క్యూ అంటే ఆ కార్డు ప్రాసెసర్‌ని పిలవడానికి వాడే లైన్. పీసీలో అలాంటివి మొత్తం 16 మాత్రమే ఉండేవి, అందులో చాలావరకు ముందే ఎవరో ఒకరు ఆక్రమించుకుని ఉండేవాళ్లు. రెండు కార్డులు ఒకే లైన్ పట్టుకుంటే రెండూ పని చేయవు.

1993లో ఐఎస్ఏ కార్డులకి ప్లగ్ అండ్ ప్లే స్పెసిఫికేషన్ వచ్చింది, విండోస్ 95 దాన్ని ఇళ్లలోకి తెచ్చింది. అయితే అప్పట్లో దాన్ని 'ప్లగ్ అండ్ ప్రే' అని వెక్కిరించేవాళ్లు, అంటే 'పెట్టు, దండం పెట్టు' అని. 1998 ఏప్రిల్‌లో షికాగోలో జరిగిన కామ్‌డెక్స్ ప్రదర్శనలో బిల్ గేట్స్ స్టేజి మీద ఉండగానే, విండోస్ 98 డెమోలో యూఎస్‌బీ స్కానర్ పెట్టగానే బ్లూ స్క్రీన్ వచ్చింది. ఆ వీడియో ఇప్పటికీ నెట్‌లో తిరుగుతూనే ఉంటుంది.

యూఎస్‌బీ మొదటి వెర్షన్ 1996 జనవరిలో వచ్చింది. దాని రూపకర్తల్లో ముఖ్యుడు అజయ్ భట్, వడోదరలో ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లి ఇంటెల్‌లో పనిచేసిన మనవాడే. యూఎస్‌బీలో ప్లగ్ అండ్ ప్లే అనేది తర్వాత అతికించిన ఫీచర్ కాదు. పరిచయం చేసుకోకుండా ఏ డివైజూ పని మొదలుపెట్టకూడదు అనేదే దాని మొదటి రూలు.

పోర్ట్‌లో పెట్టిన తర్వాత జరిగే ఇంటర్వ్యూ

మామూలు పెన్‌డ్రైవ్ పెట్టారనుకుందాం. ముందు జరిగేది సాఫ్ట్‌వేర్ కాదు, కరెంటు. యూఎస్‌బీ 2 వరకు డేటా వైర్లు రెండే. డివైజ్ లోపల 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఆ రెండింట్లో ఏదో ఒక వైరుని పైకి లాగుతుంది. డీ ప్లస్ వైరుని లాగితే ఫుల్ స్పీడ్, డీ మైనస్‌ని లాగితే లో స్పీడ్. వైరు పైకి లేచిందని హబ్ గమనించి, 'ఇక్కడెవరో వచ్చారు' అని కెర్నల్‌కి చెబుతుంది. మొదట్లో చెప్పిన టెథరింగ్ ప్రయోగంలో ఫోన్ చేసిందీ ఇదే. ఆ లాగుడు ఒక క్షణం వదిలేసి మళ్లీ లాగింది. కేబుల్ పీకకుండానే 'ఊడిపోయినట్టు' నటించింది అన్నమాట.

కెర్నల్ వెంటనే పలకరించదు. మనం ప్లగ్ పెట్టేటప్పుడు పిన్నులు అదురుతూ తగులుతాయి కాబట్టి, కనీసం 100 మిల్లీసెకన్లు లైన్ నిలకడగా ఉందో లేదో చూస్తుంది. తర్వాత ఆ పోర్ట్‌ని రీసెట్ చేస్తుంది. రీసెట్ అయిన ప్రతి డివైజూ సున్నా అనే అడ్రస్ మీద మాట్లాడుతుంది. కొత్తగా క్లాసులో చేరిన కుర్రాడికి ఇంకా రోల్ నంబర్ రాలేదు, అలాంటిది. అందుకే కెర్నల్ ఒకసారి ఒక్కరినే పలకరిస్తుంది, ఇద్దరు ఒకేసారి సున్నా మీద ఉంటే గందరగోళమే. తర్వాత 1 నుంచి 127 లోపు ఒక నంబర్ ఇస్తుంది. ఇక ఆ కనెక్షన్ ఉన్నంతసేపూ ఆ డివైజ్‌కి అదే అడ్రస్.

ఇప్పుడు అసలు ప్రశ్న. 'నీ డివైజ్ డిస్క్రిప్టర్ ఇవ్వు.' జవాబుగా వచ్చేది సరిగ్గా 18 బైట్లు. మొత్తం పరిచయం అందులోనే. ఏ వెర్షన్ యూఎస్‌బీ, ఏ క్లాస్, ఏ కంపెనీ, ఏ మోడల్, సీరియల్ నంబర్ ఉందా లేదా, ఇంకా ఎన్ని రకాలుగా పనిచేయగలదు అన్నీ.

ఇక్కడ ఒక తమాషా ఉంది. డివైజ్ ఒక్కో ప్యాకెట్‌లో ఎన్ని బైట్లు పంపగలదో ఆ 18లో ఎనిమిదో బైట్ చెబుతుంది. అది తెలియకుండా 18 ఎలా అడగాలి? విండోస్ దీనికి ఒక ఉపాయం పట్టింది. ముందు 64 బైట్లు కావాలని అడిగి, వచ్చిన మొదటి ప్యాకెట్‌తో సరిపెట్టుకుని, మళ్లీ రీసెట్ చేస్తుంది. చాలామంది తయారీదారులు తమ వస్తువుని విండోస్ మీద మాత్రమే టెస్ట్ చేసి మార్కెట్లోకి వదిలేస్తారు కాబట్టి, లైనక్స్ కూడా చివరికి అదే వరుసలో అడగడం నేర్చుకుంది. లైనక్స్ వాడేవాళ్లకి డీమెస్గ్‌లో 'డివైజ్ డిస్క్రిప్టర్ రీడ్/64, ఎర్రర్ మైనస్ 71' అని ఎప్పుడో ఒకసారి కనిపించే ఉంటుంది. ఆ 64 ఇదే. మైనస్ 71 అంటే జవాబు వచ్చింది గానీ అర్థం కాలేదని, మైనస్ 110 అంటే అసలు జవాబే రాలేదని. ఈ రెండూ కనిపిస్తే డ్రైవర్ కోసం వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి. కెర్నల్‌కి ఇంకా ఆ డివైజ్ పేరే తెలియదు, డ్రైవర్ సంగతి చాలా దూరం. ముందు కేబుల్ మార్చండి, తర్వాత పోర్ట్ మార్చండి.

రెండు జవాబులు: నువ్వెవరు, నువ్వేం చేస్తావు

ఆ 18 బైట్లలో, వాటి వెనకాలే వచ్చే కాన్ఫిగరేషన్ వివరాల్లో రెండు వేరు వేరు జవాబులు ఉంటాయి. ఇది అర్థమైతే మిగతాదంతా సులభం.

మొదటిది 'నేనెవరు'. వెండర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీ అని రెండు నంబర్లు. మన దగ్గర చాలామంది జేబుల్లో తిరిగిన శాన్‌డిస్క్ క్రూజర్ బ్లేడ్ పెన్‌డ్రైవ్ తనని తాను 0781:5567 అని చెప్పుకుంటుంది. 0781 శాన్‌డిస్క్‌ది, 5567 ఆ మోడల్‌ది. వెండర్ నంబర్లు యూఎస్‌బీ ఐఎఫ్ అనే సంస్థ డబ్బు తీసుకుని ఇస్తుంది. కంప్యూటర్ లోపలి పీసీఐ కార్డులకీ ఇలాంటి నంబర్లే ఉంటాయి. అక్కడ ఇంటెల్ నంబర్ ఏంటో తెలుసా? 8086. వాళ్ల పాత ప్రాసెసర్ పేరే పెట్టేసుకున్నారు.

రెండోది 'నేనేం చేస్తాను'. దీన్నే క్లాస్ అంటారు. 01 అంటే ఆడియో, 03 అంటే కీబోర్డు, మౌస్ లాంటి మనిషి చేత్తో వాడేవి, 07 ప్రింటర్, 08 స్టోరేజ్, 09 హబ్. క్లాస్ కింద సబ్‌క్లాస్, దాని కింద ప్రొటోకాల్. మన పెన్‌డ్రైవ్ జవాబు 08, 06, 50. 'నేను స్టోరేజ్‌ని, స్కజీ ఆదేశాలు వింటాను, బల్క్ పద్ధతిలో మాట్లాడతాను' అని అర్థం.

డ్రైవర్‌ని ఎంచుకునేటప్పుడు కెర్నల్ ఈ రెండింటినీ వాడుకుంటుంది. విండోస్‌లో మొదటిదాన్ని హార్డ్‌వేర్ ఐడీ అంటారు, రెండోదాన్ని కంపాటిబుల్ ఐడీ అంటారు. సరిగ్గా ఈ మోడల్ కోసమే రాసిన డ్రైవర్ ఉంటే దానికే ముందు చోటు. లేకపోతే ఆ క్లాస్ మొత్తానికి పనికొచ్చే మామూలు డ్రైవర్. పెన్‌డ్రైవ్ ఏ కంపెనీదైనా వెంటనే పనిచేయడానికి కారణం ఇదే, ఎవరూ దాని మోడల్‌ని గుర్తుపట్టలేదు, 08 అనే క్లాస్‌ని గుర్తుపట్టారు. పాత వైఫై డాంగిల్స్‌కి సీడీ కావాల్సి రావడానికి కారణం కూడా ఇదే, అవి 'నా పని నాకు మాత్రమే తెలుసు' అనే వెండర్ స్పెసిఫిక్ క్లాస్ చెప్పుకునేవి.

లైనక్స్ పద్ధతి నాకు ఇంకా ముచ్చటగా అనిపిస్తుంది. కెర్నల్ ఈ నంబర్లన్నీ కలిపి ఒక పొడవాటి పేరు తయారు చేస్తుంది, దాన్ని మోడ్‌ఏలియస్ అంటారు. అందులో వీ పక్కన వెండర్, పీ పక్కన ప్రోడక్ట్, ఐసీ పక్కన ఇంటర్‌ఫేస్ క్లాస్ ఉంటాయి. ప్రతి డ్రైవర్ తనకి ఏ పేర్లు కావాలో ముందే రాసి పెట్టుకుంటుంది. యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ జాబితాలో వెండర్ చోట నక్షత్రం, ప్రోడక్ట్ చోట నక్షత్రం, క్లాస్ చోట మాత్రం 08 అని ఉంటుంది. 'ఎవరైనా పర్లేదు, పని మాత్రం ఇదే కావాలి' అని దాని అర్థం. యూడెవ్ అనే ప్రోగ్రామ్ ఆ పేరు అందుకుని సరిపోయే డ్రైవర్‌ని లోడ్ చేయిస్తుంది.

క్లాస్ చెప్పినా మాట మీద నిలబడని డివైజ్‌లు బోలెడు. వాటి కోసం లైనక్స్ కెర్నల్ సోర్స్‌లో 'అన్‌యూజువల్ డెవ్స్' అని ఒక ఫైలే ఉంది. వెండర్, ప్రోడక్ట్ నంబర్లు, పక్కన ఒక్కోదాని రోగం. మీ ఉత్సాహం కొద్దీ ఒకసారి తెరిచి చదవండి. పాత ఐపాడ్‌లు అందులో ఉన్నాయి, తమ కెపాసిటీని ఒక సెక్టార్ ఎక్కువ చెప్పుకున్నందుకు.

ఒక వస్తువు, చాలా గుంపులు

యూఎస్‌బీ హెడ్‌సెట్ ఒకటి పెట్టండి. వస్తువు ఒకటే, కానీ దానిలో రెండు మూడు పనులున్నాయి. వినిపించడం, మైక్, వాల్యూమ్ బటన్లు. ఒక్కో పనికీ ఒక్కో ఇంటర్‌ఫేస్. మొదటి రెండూ ఆడియో క్లాస్, బటన్లు మాత్రం కీబోర్డుల క్లాస్. కాబట్టి కెర్నల్‌కి అసలు డ్రైవర్ పట్టేది డివైజ్‌కి కాదు, ఇంటర్‌ఫేస్‌కి. అందుకే డివైజ్ మేనేజర్‌లో ఒకే హెడ్‌సెట్ మూడు చోట్ల కనిపిస్తుంది. సౌండ్ కింద ఒకటి, హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైజెస్ కింద ఒకటి, యూఎస్‌బీ కంట్రోలర్ల కింద 'కాంపోజిట్ డివైజ్' అని ఒకటి.

చాలామంది అడిగే డౌట్ ఒకటి ఇక్కడే తీర్చేస్తా. 'వైర్‌లెస్ మౌస్ ఒక్కటే కొన్నాను, డివైజ్ మేనేజర్‌లో కీబోర్డ్ కూడా కనిపిస్తోంది, వైరసా?' సాధారణంగా కాదు. ఆ డాంగిల్‌ని కంపెనీ మౌస్‌కీ కీబోర్డుకీ కలిపి తయారు చేస్తుంది, అది రెండు ఇంటర్‌ఫేస్‌లూ చూపిస్తుంది. మీ దగ్గర కీబోర్డు లేదని దానికి తెలియదు.

లైనక్స్‌లో ఇదే సంగతి రెండు చెట్లలా కనిపిస్తుంది. సిస్ ఫోల్డర్‌లో బస్ కిందికి వెళ్తే ఎవరు ఎక్కడ వేలాడుతున్నారో ఉంటుంది. అక్కడ 1-1.4:1.0 లాంటి పేర్లు చూసి భయపడకండి. ఒకటో బస్సు, ఒకటో పోర్ట్‌లోని హబ్, ఆ హబ్‌లో నాలుగో పోర్ట్, మొదటి కాన్ఫిగరేషన్, సున్నా నంబర్ ఇంటర్‌ఫేస్ అని చదువుకోవాలి. పోస్టల్ అడ్రస్ లాంటిదే. అదే సిస్‌లో క్లాస్ కిందికి వెళ్తే నెట్, ఇన్‌పుట్, బ్లాక్, సౌండ్ అని పనిని బట్టి గుంపులు. ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డూ, టెథరింగ్ చేస్తున్న ఫోనూ నెట్ అనే ఒకే ఫోల్డర్‌లో పక్కపక్కన ఉంటాయి. బ్రౌజర్‌కి అవతల ఏముందో తెలియాల్సిన అవసరం లేకుండా పోయేది ఈ గుంపు వల్లే.

మూడో రకం గుంపు కూడా ఉంది, ఇది మనుషుల కోసం. మూడు చోట్ల కనిపించే హెడ్‌సెట్ మన చేతిలో మాత్రం ఒకటే కదా. విండోస్ 7 నుంచి మైక్రోసాఫ్ట్ కంటెయినర్ ఐడీ అని పెట్టింది. ఒకే పెట్టెలో నుంచి వచ్చిన ముక్కలన్నిటికీ ఒకే కంటెయినర్ నంబర్. 'డివైజెస్ అండ్ ప్రింటర్స్' తెరిస్తే హెడ్‌సెట్ బొమ్మ ఒక్కటే కనిపించేది ఆ నంబర్ పుణ్యమే.

నిన్న వచ్చినవాడు ఇతనేనా?

మౌస్‌ని ఎడమ పోర్ట్ నుంచి కుడి పోర్ట్‌కి మారిస్తే విండోస్ మళ్లీ కొత్త డివైజ్ వచ్చినట్టు హడావుడి చేయడం గమనించారా? పెన్‌డ్రైవ్ మారిస్తే మాత్రం పాత డ్రైవ్ లెటరే వస్తుంది. తేడా సీరియల్ నంబర్‌లో ఉంది. సీరియల్ నంబర్ ఉన్న డివైజ్‌ని విండోస్ ఆ నంబర్‌తో గుర్తుపెట్టుకుంటుంది. లేని డివైజ్‌ని 'ఫలానా పోర్ట్‌లో ఉన్నవాడు' అని గుర్తుపెట్టుకుంటుంది, పోర్ట్ మారితే మనిషి మారినట్టే.

పెన్‌డ్రైవ్‌ల స్పెసిఫికేషన్ ప్రకారం సీరియల్ నంబర్ కనీసం 12 అంకెలు ఉండాలి. చవక సరుకులో ఈ రూలు పాటించని బ్యాచ్‌లు ఉంటాయి, బ్యాచ్ మొత్తానికి ఒకే నంబర్ కొట్టేస్తారు. అలాంటివి రెండు ఒకేసారి లైనక్స్‌లో పెడితే 'బై ఐడీ' ఫోల్డర్‌లో రెండింటికీ ఒకే పేరు రావాల్సి వస్తుంది, లింకు ఒకదానికే ఉంటుంది. బ్యాకప్ స్క్రిప్టు రాసుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లని అయితే అసలు నమ్మకండి, అవి ఎవరు ముందు కనిపిస్తే వాళ్లకి ఇచ్చే టోకెన్లు. ఫైల్ సిస్టమ్ మీద ఉండే యూయూఐడీ వాడుకోవడం మేలు.

ఈ గుర్తుపెట్టుకోవడానికి ఇంకో వైపు కూడా ఉంది. విండోస్ రిజిస్ట్రీలో యూఎస్‌బీస్టోర్ అనే చోట, ఆ కంప్యూటర్‌కి పెట్టిన పెన్‌డ్రైవ్‌ల వివరాలు సీరియల్ నంబర్లతో సహా నిలిచిపోతాయి. మీరు పీకేసి వెళ్లిపోయినా ఉంటాయి. సైబర్ క్రైమ్ దర్యాప్తుల్లో ముందు చూసే చోట్లలో ఇదొకటి.

ఫోన్ లోపల ప్లగ్ అండ్ ప్లే లేదు

ఇంతసేపూ ఫోన్‌ని బయటి నుంచి చూశాం. లోపల కథ వేరు. ఫోన్‌లో టచ్ కంట్రోలర్, సెన్సార్లు, ఛార్జింగ్ చిప్ ఎక్కువగా ఐ2సీ, ఎస్‌పీఐ అనే సన్నని లైన్ల మీద ఉంటాయి. ఐ2సీలో వైర్లు రెండే, ఒక్కో చిప్‌కి 7 బిట్ల అడ్రస్. ఆ అడ్రస్ తలుపు కొడితే లోపల ఎవరో ఉన్నారని మాత్రం తెలుస్తుంది. 'నువ్వెవరు' అని అందరినీ ఒకేలా అడిగే పద్ధతి లేదు. 18 బైట్లు లేవు, క్లాస్ లేదు.

మరి కెర్నల్‌కి ఎలా తెలుసు? ముందే చీటీ రాసి ఇస్తారు. ఆ చీటీ పేరు డివైస్ ట్రీ. ఏ లైన్ మీద, ఏ అడ్రస్‌లో, ఏ చిప్ ఉందో అందులో ఉంటుంది. 'కంపాటిబుల్' అనే చోట కంపెనీ పేరు, చిప్ పేరు రాసి ఉంటాయి. యూఎస్‌బీలో డివైజ్ నోటితో చెప్పే మాట ఇక్కడ కాగితం మీద ఉందన్నమాట. ఒకప్పుడు ఈ వివరాలని ఒక్కో ఏఆర్ఎమ్ బోర్డుకీ కెర్నల్ కోడ్‌లోనే రాసేవాళ్లు. అది పెరిగి పెరిగి 2011లో లైనస్ టోర్వాల్డ్స్ బహిరంగంగానే విసుక్కున్నాడు, ఆ తర్వాతే ఏఆర్ఎమ్ ప్రపంచం డివైస్ ట్రీ వైపు వేగంగా మళ్లింది.

కస్టమ్ రామ్‌లు వేసేవాళ్లకి దీని దెబ్బ బాగా తెలుసు. ఒకే మోడల్ ఫోన్‌ని కంపెనీ రెండు మూడు రకాల డిస్‌ప్లే ప్యానెల్స్‌తో అమ్ముతుంది. ఏ ప్యానెల్ ఉందో చాలా ఫోన్లలో బూట్‌లోడర్ కనిపెట్టి కెర్నల్‌కి చెబుతుంది. మీరు వేసిన కెర్నల్‌లో ఆ ప్యానెల్ లేదా ఆ టచ్ చిప్ డ్రైవర్ లేకపోతే, స్నేహితుడి ఫోన్‌లో బ్రహ్మాండంగా ఉన్న రామ్ మీ ఫోన్‌లో నల్ల తెరగా మిగులుతుంది, లేదా తెర వెలుగుతుంది కానీ టచ్ ఉండదు. చవక డిస్‌ప్లే వేయించాక అప్‌డేట్ రాగానే టచ్ పోయిందనే ఫిర్యాదుల వెనక కూడా కొన్నిసార్లు ఇలాంటి కథే ఉంటుంది.

ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌లు కూడా ఇప్పుడు ఐ2సీ మీదే. అక్కడ చీటీ పని ఏసీపీఐ చేస్తుంది. ఆ టచ్‌ప్యాడ్‌ల ఉమ్మడి గుర్తు ఏంటంటే పీఎన్‌పీ0సీ50. పీఎన్‌పీ అంటే ప్లగ్ అండ్ ప్లే. ముప్పై ఏళ్ల నాటి ఇంటిపేరు ఇంకా పోలేదు.

అబద్ధం చెబితే?

ఇక మొదట్లో వాయిదా వేసిన సంగతి. డివైజ్ చెప్పే 18 బైట్లు నిజమో కాదో కెర్నల్‌కి తెలిసే దారి మామూలు యూఎస్‌బీలో లేదు. సంతకం లేదు, ఓటీపీ లేదు. ఎవరి వెండర్ నంబర్‌నైనా ఎవరైనా చెప్పుకోవచ్చు.

2014లో ఇది రెండు రకాలుగా బయటపడింది. ఎఫ్‌టీడీఐ అనే స్కాట్లండ్ కంపెనీ యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే చిప్‌లు తయారు చేస్తుంది. ఆర్డ్యునో తరహా బోర్డుల మీద, కేబుళ్లలో ఇవి విరివిగా ఉండేవి. వాటి గుర్తు 0403:6001. నకిలీ చిప్‌లు కూడా అదే నంబర్ చెప్పుకుని, ఎఫ్‌టీడీఐ డ్రైవర్‌తోనే దర్జాగా పనిచేసేవి. ఆ ఏడాది విండోస్ అప్‌డేట్‌లో వచ్చిన ఎఫ్‌టీడీఐ డ్రైవర్ ఏం చేసిందంటే, నకిలీ చిప్‌ని పసిగట్టి దాని ప్రోడక్ట్ నంబర్‌ని 0000గా మార్చి రాసేసింది. చిప్ కాలిపోలేదు, ఏమీ కాలేదు. పేరు మాత్రం పోయింది. పేరు పోయాక ఏ కంప్యూటర్‌లో పెట్టినా దానికి డ్రైవర్ దొరకదు. తాము కొన్నది నకిలీ అని తెలియని వేలు పెట్టినవాళ్లకే నష్టం జరిగిందని పెద్ద గొడవైంది, ఆ డ్రైవర్‌ని విండోస్ అప్‌డేట్ నుంచి తీసేశారు. లైనక్స్ వాళ్లు ఇంకో పని చేశారు. 0403:0000 అనే నంబర్‌ని కూడా డ్రైవర్ జాబితాలో చేర్చేశారు. నకిలీని సమర్థిస్తున్నారా అనేవాళ్లు ఉన్నారు. నా వరకు, కొన్నవాడి బోర్డు పనిచేయడమే ముఖ్యం. నకిలీ అమ్మినవాడితో పోరాటం కంపెనీది, దానికి కాలేజీ కుర్రాడి ప్రాజెక్టు బలికాకూడదు.

రెండోది ఇంకా ఘాటు. అదే 2014 ఆగస్టులో లాస్ వేగస్‌లో జరిగిన బ్లాక్ హ్యాట్ సదస్సులో కార్‌స్టెన్ నోల్, జాకబ్ లెల్ అనే ఇద్దరు పరిశోధకులు బ్యాడ్‌యూఎస్‌బీ చూపించారు. మామూలు పెన్‌డ్రైవ్ కంట్రోలర్‌లోని ఫర్మ్‌వేర్‌ని తిరగరాసి, అది 08 బదులు 03 అని చెప్పుకునేలా చేశారు. అంటే 'నేను కీబోర్డుని' అని. కెర్నల్ సరే అంది. ఇక ఆ 'కీబోర్డు' తనంతట తానే కమాండ్లు టైప్ చేసుకుంటూ పోయింది. అదే పెన్‌డ్రైవ్ నెట్‌వర్క్ కార్డుగా చెప్పుకుని ఇంటర్నెట్ దారి మళ్లించడం కూడా చూపించారు, మొదట్లో మీ ఫోన్ చేసిన పనే కానీ దురుద్దేశంతో. ఫైళ్లలో వైరస్ లేదు కాబట్టి యాంటీ వైరస్‌కి కనిపించేది ఏమీ లేదు. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసినా ఫర్మ్‌వేర్ అలాగే ఉంటుంది. కొన్ని వారాల్లోనే ఆడం కౌడిల్, బ్రాండన్ విల్సన్ అనే ఇంకో ఇద్దరు ఇలాంటి కోడ్‌ని అందరికీ అందుబాటులో పెట్టేశారు.

కీబోర్డు అనగానే కెర్నల్ ఎందుకు అంత తేలిగ్గా ఒప్పుకుంటుంది? ఒప్పుకోకపోతే 'ఈ కీబోర్డుని అనుమతించాలా?' అన్న ప్రశ్నకి ఎస్ కొట్టడానికి డెస్క్‌టాప్‌లో మీ దగ్గర ఇంకో కీబోర్డు ఉండాలి కదా! చిక్కు నిజంగా ఇక్కడే ఉంది.

అయినా దారులు కొన్ని వచ్చాయి. లైనక్స్‌లో ప్రతి యూఎస్‌బీ డివైజ్‌కి 'ఆథరైజ్డ్' అనే ఒక చిన్న ఫైల్ ఉంటుంది. అందులో 0 ఉంటే ఇంటర్వ్యూ జరుగుతుంది గానీ ఉద్యోగం ఇవ్వరు, డ్రైవర్ పట్టదు. యూఎస్‌బీగార్డ్ అనే టూల్ దీని మీదే పనిచేస్తుంది. ఏ నంబర్లు, ఏ సీరియల్, ఏ ఇంటర్‌ఫేస్‌లు ఉంటే రానివ్వాలో మీరే రూల్స్ రాసుకోవచ్చు. స్టోరేజ్‌తో పాటు కీబోర్డు ఇంటర్‌ఫేస్ కూడా చూపించే వస్తువుని ఆపేయమని చెప్పవచ్చు. ఐఫోన్‌లలో 2018 జులైలో వచ్చిన ఐఓఎస్ 11.4.1 నుంచి, ఫోన్ లాక్ అయి గంట దాటితే యూఎస్‌బీ డేటా దారి మూసేస్తారు. 2022లో వచ్చిన మ్యాక్ఓఎస్ వెంచురా నుంచి ఆపిల్ సిలికాన్ ల్యాప్‌టాప్‌లు కొత్త యూఎస్‌బీ వస్తువు పెట్టగానే ముందు మిమ్మల్ని అడుగుతాయి. ల్యాప్‌టాప్ కాబట్టి అడగగలుగుతున్నాయి, కీబోర్డు ఎలాగూ లోపలే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ కేబుల్ పెట్టగానే ఫైళ్లు చూపించకుండా, మీరు ఎంచుకునేదాకా ఛార్జింగ్ దగ్గరే ఆగడం కూడా ఇలాంటి జాగ్రత్తే.

విండోస్ వాడేవాళ్లు ఈ రోజే చూసుకోగలిగేది ఒకటుంది. డివైజ్ మేనేజర్‌లో పైన వ్యూ మెనూలోకి వెళ్లి 'డివైజెస్ బై కంటెయినర్' ఎంచుకోండి. ఒక్కో పెట్టె కింద ఏమేం ఉన్నాయో విడివిడిగా తెరుచుకుంటుంది. ఎక్కడో దొరికిన పెన్‌డ్రైవ్‌ని మాత్రం ఈ పరీక్ష కోసం పెట్టకండి, అది టైప్ చేసే వేగం ముందు మీరు మెనూ తెరిచే వేగం సరిపోదు. మీ సొంత పెన్‌డ్రైవ్‌లు, డాంగిల్స్, ఛార్జింగ్ కేబుళ్లు ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. పెన్‌డ్రైవ్ కింద డిస్క్ డ్రైవ్, వాల్యూమ్, యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ ఉండాలి. అవతలి కొస ఖాళీగా వదిలేసిన ఛార్జింగ్ కేబుల్ పెడితే అసలు ఏ కొత్త పేరూ రాకూడదు. పెన్‌డ్రైవ్ కింద 'హెచ్ఐడీ కీబోర్డ్ డివైజ్' అనే లైన్ కనిపిస్తే దాన్ని పీకేసి పక్కన పెట్టండి, ఎవరికీ ఇవ్వకండి.